ముండ్లమూరు ఎండలో రెండు లాప్‌టాప్‌లు

ఆపిల్ వాళ్లు మాక్‌బుక్ ఎయిర్‌ను వాడదగిన వేడి 10 నుంచి 35 డిగ్రీల వరకే అని రాశారు. లెనోవో వాళ్లు థింక్‌ప్యాడ్ టీ480కి రాసింది 5 నుంచి 35. ప్రకాశం జిల్లా ముండ్లమూరులో ఏప్రిల్ ముదిరితే పగటి వేడి 40 దాటుతుంది. రేకుల కింద, మిద్దె మీది గదిలో ఇంకా ఎక్కువ. రెండు యంత్రాలూ మన వేసవిని లెక్కలోకి తీసుకోకుండానే తయారయ్యాయన్నమాట. అందువల్ల ఈ రెండింట్లో ఏది మన ఇళ్లలో ఎక్కువకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు కంపెనీ కాగితాల్లో జవాబు దొరకదు. మన దుమ్ములో, మన కరెంటులో, రిపేరు చేసే ఊరు ఎంత దూరమో చూసుకుని తూచాలి.

ఈ రెండింటినే ఎందుకు పక్కపక్కన పెడుతున్నానో చెప్పాలి. టీ480 2018లో వచ్చింది. పెద్ద పెద్ద ఆఫీసులు ఒకేసారి వందల్లో కొని, కొన్నేళ్లు వాడి వదిలేసిన యంత్రం ఇది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ అంగళ్లలో విరివిగా దొరుకుతుంది. ఎం1 చిప్పుతో మాక్‌బుక్ ఎయిర్ 2020 నవంబర్‌లో వచ్చింది. అప్పట్లో మన దేశంలో దాని ప్రారంభ ధర 92,900 రూపాయలు. ఇప్పుడు అదీ సెకండ్ హ్యాండ్‌లో చేతికందే ధరకు దిగింది. దర్శి, అద్దంకి, పొదిలి వైపు నుంచి ఇంజనీరింగ్‌కు పోయే పిల్లల ఇళ్లలో ఈ రెండు పేర్లూ వినిపిస్తున్నాయి. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైనప్పుడు ప్రతి విద్యార్థి చేతిలోనూ లాప్‌టాప్ ఉండాలన్నది దాని పద్ధతిలోనే భాగం. 2016లో ఒంగోలు క్యాంపస్ వచ్చాక ఆ పద్ధతి మన జిల్లాకూ చేరింది. ఇంట్లో మొదటి లాప్‌టాప్ ఎప్పుడు వచ్చిందన్నది తీరిన ప్రశ్న. అది నాలుగేళ్ల చదువు పూర్తయ్యేదాకా నిలుస్తుందా అన్నదే ఇప్పుడు తేలాల్సింది.

ముందుగా అడుగు మూత సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా తేడాలన్నీ అక్కడి నుంచే పుడతాయి. టీ480ని తిరగేస్తే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు లొంగే స్క్రూలు కనిపిస్తాయి. అవి వదులైనా మూతలోనే నిలిచి ఉంటాయి, కింద పడి పోయేది లేదు. స్క్రూలు వదులు చేసి, అంచు వెంట ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపితే మూత వస్తుంది. లోపల ర్యామ్‌కు రెండు స్లాట్లు, డిస్క్‌కు ఒక అర, ఒక ఫ్యాను, ఒక బ్యాటరీ కనిపిస్తాయి. ఏది ఎలా విప్పాలో బొమ్మలతో సహా చెప్పే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌ను లెనోవో అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఎయిర్ మూతకు ఐదు రేకుల నక్షత్రం తలలున్న సన్న స్క్రూలు. ఆ స్క్రూడ్రైవర్ మన హార్డ్‌వేర్ షాపులో సులువుగా దొరికేది కాదు. తీరా విప్పితే లోపల మనం చేయగలిగింది తక్కువ. ర్యామ్ చిప్పులోనే కలిసిపోయింది. స్టోరేజీ బోర్డుకు అతికిపోయింది. బ్యాటరీ జిగురు పట్టీలతో అంటుకుని ఉంటుంది. కీబోర్డును పై చట్రానికి రివెట్లు కొట్టి బిగించారు. 2022 నుంచి ఆపిల్ కూడా ఎం1 మాక్‌బుక్‌ల రిపేర్ మాన్యువల్స్‌ను బయట పెట్టింది, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ ఆ పుస్తకం చదివి మన పిల్లలు చేయగలిగిన పని అందులో ఎంత అని చూస్తే నాకు నిరాశే మిగిలింది.

మన ప్రాంతపు రైతు మోటారు కొనేటప్పుడు దాన్ని ఎలా తూస్తాడో గమనించండి. లో వోల్టేజీకి వైండింగ్ కాలితే అద్దంకిలోనో దర్శిలోనో దాన్ని మళ్లీ చుట్టేవాడు ఉన్నాడా, బేరింగులు దొరుకుతాయా అని అడుగుతాడు. ఆ ప్రశ్నే లాప్‌టాప్‌కూ వేయాలి. లోకంలో ఇదే మాటకు రిపేర్ హక్కు అని పేరు పెట్టారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న దానికోసం ఒక పోర్టల్ కూడా తెరిచింది. ముండ్లమూరు రైతుకు ఆ హక్కు పేరు తెలియకపోవచ్చు గానీ, ఆ బుద్ధి ఎప్పటినుంచో ఉంది.

ఇక దుమ్ము. ఇక్కడ తూకం తిరగబడుతుంది. ఎయిర్‌లో ఫ్యానే లేదు. గాలి పీల్చుకునే నోరు లేదు గనుక దుమ్ము లోపలికి పోయే దారి సన్నం. మిరప కల్లాల కాలంలో, పొగాకు బ్యారన్ల పక్కన ఉన్న ఇళ్లలో, చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము ఎగిసే రోడ్ల పక్కన ఇది చిన్న మేలు కాదు. టీ480లో ఫ్యాను ఉంది. అది అడుగు నుంచి గాలి లాగి పక్కకు వదులుతుంది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడితే దారం, వెంట్రుక, దుమ్ము అన్నీ కలిసి వేడిని మోసే రాగి గొట్టం చివరి రెక్కల మధ్య చాపలా అల్లుకుంటాయి. అప్పుడు ఫ్యాను గోల పెరుగుతుంది, యంత్రం వేడెక్కుతుంది, వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మా సిస్టం స్లో అయిపోయింది, ఫార్మాట్ చేయాలి అని వచ్చే ఫిర్యాదుల్లో ఒక భాగం దీనివల్లే. అక్కడ ఫార్మాట్ చేసి లాభం లేదు, బ్రష్ కావాలి.

అయితే ఆ జబ్బుకు మందు మన చేతిలోనే ఉంది. ఛార్జర్ తీసేయాలి. వెనక బ్యాటరీ తీసేయాలి. లోపలి బ్యాటరీని, యంత్రం మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల పేజీ బయోస్‌లోకి వెళ్లి డిజేబుల్ చేయాలి, టీ480లో ఆ వెసులుబాటు ఉంది. అప్పుడు మూత విప్పి, ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము లాగి, బయటి వైపుకు గాలి కొట్టాలి. రెక్కలను పట్టుకోకుండా బ్లోయర్ పెడితే ఫ్యాను అదుపు లేకుండా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ అసలే వద్దు. ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది, ఒత్తిడీ ఎక్కువే. ఇక్కడి దుమ్ముకు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలానికి ముందొకసారి, కల్లాలు ముగిశాక ఒకసారి శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. పాతబడిన యంత్రమైతే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. దాన్ని తుడిచి కొత్తది పెసరగింజంత పెడితే తేడా చేతికే తెలుస్తుంది.

ఎయిర్‌కు ఈ శ్రమ లేదు, నిజమే. కానీ వేడిని వదిలే మార్గం దాని అల్యూమినియం ఒళ్లే. గది వేడే 40 అయినప్పుడు ఆ ఒళ్లు చల్లబడదు. చిన్న పనులకు ఏమీ కాదు. వీడియో ఎడిటింగ్ లాంటి పని గంటసేపు పెడితే అదీ వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు చేయగలిగింది నీడకు జరగడం, ఫ్యాన్ కింద పెట్టడం, పని చల్లని వేళకు వాయిదా వేయడం. ఈ మూడూ టీ480కీ వర్తిస్తాయి. ఎయిర్ విషయంలో మరో జాగ్రత్త ఉంది. మూతకూ కీబోర్డుకూ మధ్య సందు చాలా తక్కువ. ఇసుక రేణువు చిక్కినా, కెమెరా మీద ప్లాస్టిక్ మూత అంటించినా, మూసేటప్పుడు తెర పగలొచ్చు. కెమెరా మూతలతో మూయవద్దని ఆపిల్ వాళ్లే హెచ్చరించారు. మూసే ముందు మెత్తటి నూలు గుడ్డతో ఒకసారి తుడవడం ఎండాకాలంలో అలవాటు చేసుకోవాలి.

కరెంటు దగ్గర నేను కాస్త ఆగుతాను. మన పల్లెల్లో యంత్రాన్ని మింగేది ఎండకన్నా ముందు కరెంటే. రెండు అడాప్టర్లూ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి గనుక లో వోల్టేజీతో భయం లేదు. భయమంతా కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలో, పిడుగు పడే వేళలో. ఉరిమే చప్పుడు వినపడగానే అడాప్టర్‌ను గోడ నుంచి పీకేయడమే మంచి స్టెబిలైజర్. ఎర్తింగ్ మాట కూడా చెప్పాలి. ఎర్త్ అందని ప్లగ్గులో పెట్టి ఛార్జ్ చేస్తుంటే లోహపు ఒళ్లున్న లాప్‌టాప్ మీద చెయ్యి ఆనినప్పుడు సన్నగా జివ్వుమంటుంది. ఎయిర్ వాడేవాళ్లు దీన్ని యంత్రం లోపమనుకుంటారు. ముందు ఇంటి ఎర్త్ గుంత చూడాలి. వేసవిలో అది ఎండిపోయి ఉంటుంది, నీళ్లు పోసి తడపాలి. టీ480 ఒళ్లు లోహం కాదు గనుక ఈ ఇబ్బంది చేతికి తెలియదు. తెలియనంత మాత్రాన ఎర్తింగ్ అక్కర్లేదని కాదు.

బ్యాటరీలో రెండు ఆలోచనలు ఎదురెదురుగా నిలబడతాయి. ఎయిర్‌ది ఒకటే బ్యాటరీ, 49.9 వాట్ అవర్‌లు. వీడియో చూస్తే 18 గంటలు, నెట్‌లో పని చేస్తే 15 గంటలు అని కంపెనీ మాట. అందులో కొంత తగ్గించుకున్నా, ఒక్క ఛార్జింగ్‌తో కాలేజీ రోజంతా గడిచిపోతుంది. ఆ చిప్పు అంత తక్కువ కరెంటుతో అంత పని చేయడం నిజంగా గొప్ప విషయం, అందులో టీ480 దాని దరిదాపుల్లో కూడా లేదు. టీ480కి బ్యాటరీలు రెండు. లోపల 24 వాట్ అవర్‌లది, వెనక బయటికి తీయగలిగేది ఒకటి. వెనకది 24, 48, 72 వాట్ అవర్‌ల సైజుల్లో ఉంది. యంత్రం నడుస్తుండగానే వెనకది తీసి వేరొకటి పెట్టుకోవచ్చు, ఆ కాసేపూ లోపలిది మోస్తుంది. వాడకంలో ముందుగా ఖర్చయ్యేదీ వెనకదే. అంటే ఎక్కువ అరిగేది సులువుగా మార్చగలిగేదే. ఈ ఏర్పాటు చేసిన డిజైనర్‌కు నేను మనసారా దండం పెడతాను. ఆ మరుసటి ఏడాది వచ్చిన టీ490లో లెనోవో ఆ వెనక బ్యాటరీని ఎత్తేసింది, రెండు ర్యామ్ స్లాట్లలో ఒకదాన్ని బోర్డుకు అతికించేసింది. సన్నదనం కోసం తన మంచి గుణాన్ని తానే వదులుకుంది. ఆపిల్‌ను తప్పుపట్టే చోట లెనోవోను వదిలేస్తే అది న్యాయం కాదు.

లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు. ఒకటి వేడి, రెండోది ఎప్పుడూ నూటికి నూరు నింపి ఉంచడం. టీ480లో లెనోవో వాంటేజ్ తెరిచి 80 దగ్గర ఆగిపోయేలా హద్దు పెట్టుకోవచ్చు. లినక్స్ వాడేవాళ్లకు టీఎల్‌పీ అనే ఉచిత ప్రోగ్రాం ఆ పనే చేస్తుంది. ఎయిర్‌లో మొదటి నుంచీ ఉన్నది ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్. అది మన రోజువారీ అలవాటు గమనించి 80 దగ్గర ఆగి, తర్వాత నింపుతుంది. కరెంటు వేళలు రోజుకో రకంగా ఉండే ఇంట్లో దానికి గమనించడానికి అలవాటంటూ ఏదీ దొరకదు. అందుకే ఈ విషయంలో మనిషి చెప్పినట్టు వినే టీ480 పద్ధతే నాకు నచ్చుతుంది. ఏ యంత్రమైనా సరే, మే నెల మధ్యాహ్నం ఛార్జింగ్‌లో పెట్టి బరువైన పని చేయకండి. టచ్‌ప్యాడ్ నొక్కడానికి గట్టిపడినా, అడుగు ఉబ్బినట్టు టేబుల్ మీద ఊగినా, బ్యాటరీ పొంగిందని అర్థం. వెంటనే ఆపేయాలి, గుచ్చకూడదు, ఛార్జ్ పెట్టకూడదు. పేరు లేని చవక బ్యాటరీల జోలికి పోవద్దు.

ఇక యంత్రంలో దాచుకున్న పని సంగతి. 2024 డిసెంబర్ 21, 22, 23 తేదీల్లో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించింది. పెద్ద నష్టం లేదు గానీ జనం ఇళ్లలోంచి, పిల్లలు బడుల్లోంచి బయటికి పరుగెత్తారు. అలా పరుగెత్తేటప్పుడు లాప్‌టాప్ ఎవరికీ గుర్తు రాదు, గుర్తు రావాల్సిన అవసరమూ లేదు. కానీ టేబుల్ మీంచి పడి బోర్డు పోయిందనుకోండి. టీ480లో డిస్క్ విడిగా ఉంటుంది గనుక దాన్ని తీసి ఒక యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ప్రాజెక్టు రిపోర్టు, మార్కుల జాబితా, అమ్మానాన్నల ఫోటోలు మిగులుతాయి. దానికీ ఒక షరతు ఉంది. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోవాలి. ఎయిర్‌లో స్టోరేజీ బోర్డుతో పాటే పోతుంది. అందుకే ఎయిర్ కొన్నవాళ్లు అదే రోజు ఒక బయటి హార్డ్ డిస్క్ కూడా కొని టైమ్ మెషిన్‌తో కాపీ తీసుకునే ఏర్పాటు పెట్టుకోవాలి. అది ఖర్చులో భాగమని లెక్క వేసుకోవాలి. టీ480 వాళ్లకు కాపీ అక్కర్లేదని నేను అనడం లేదు, డిస్కులూ చస్తాయి. ఒకరికి రెండో అవకాశం ఉంది, మరొకరికి లేదు.

వేగం పెంచుకోవడం దగ్గర చెప్పడానికి పెద్దగా లేదు. 8 జీబీ ఎయిర్ కొంటే అది చివరిదాకా 8 జీబీయే. టీ480లో 8తో మొదలుపెట్టి, చేతిలో డబ్బు ఆడినప్పుడు 16కో 32కో పెంచుకోవచ్చు. పంట డబ్బు వచ్చినప్పుడే పెద్ద ఖర్చులు చేసే ఇళ్లకు ఇది సరిపోయే పద్ధతి. ఎస్‌ఎస్‌డీ కొనే ముందు లోపలి అరలో సాటా ట్రే ఉందో ఎన్‌వీఎంఈ అడాప్టర్ ఉందో చూసుకోవాలి. ఒకదాని డిస్క్ మరొకదాంట్లో పట్టదు.

మనకు నచ్చినట్టు మలుచుకోవడమంటే వాల్‌పేపర్ మార్చడమే అనుకుంటారు. నా దృష్టిలో మొదటి పని తెలుగు టైపింగ్. విండోస్‌లో 2019 మే నాటి అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చితే చాలు, ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాయొచ్చు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవాళ్లకు అదీ ఉంది. మాక్‌లో తెలుగు, తెలుగు క్వెర్టీ అనే కీబోర్డులున్నాయి. చూపుకు మాత్రం ఎయిర్ తెర మీద తెలుగు ఒత్తులు, గుడి దీర్ఘాలు అచ్చు వేసినంత స్పష్టంగా కనిపిస్తాయి. టీ480 మామూలు తెర మసకగా ఉంటుంది. ఆ తెరతో రోజంతా తెలుగు చదివే పంతులు గారికి కళ్లు నొప్పి పెడతాయి. కొనేటప్పుడు ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర ఉన్నదే అడగాలి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గురజాడ, పెద్దన లాంటి ఫాంట్లు రెండింట్లోనూ ఉచితంగా వేసుకోవచ్చు. ప్రెస్ పని చేసేవాళ్లకు విండోస్ మీద నడిచే అను స్క్రిప్ట్ మేనేజర్ కావాలి గనుక వాళ్లకు టీ480 వైపే మొగ్గు. టీ480 కీబోర్డులో ఎడమ మూల ఉండేది కంట్రోల్ కాదు, ఎఫ్ఎన్. కొత్తవాళ్లు తికమక పడతారు. బయోస్‌లో రెండింటినీ తారుమారు చేసుకునే వీలుంది, మొదటి రోజే చేసుకోండి. ఫైబర్‌నెట్ పెట్టె నుంచి నేరుగా వైరు గుచ్చుకునే రంధ్రం టీ480లో ఉంది, ఎయిర్‌లో అడాప్టర్ కొనాలి.

సాఫ్ట్‌వేర్ ఆయుష్షు మరో కొలబద్ద. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న టీ480 విండోస్ 11ను అధికారికంగా తీసుకుంటుంది. 7వ తరం టీ470 తీసుకోదు. అంగట్లో రెండూ పక్కపక్కనే, కాస్త ధర తేడాతో ఉంటాయి, ఆ తేడా దగ్గర లోభించవద్దు. ఎం1 ఎయిర్‌కు 2025లో వచ్చిన మాక్ ఓఎస్ టాహో కూడా అందింది. అది ఆగిన రోజున ఎయిర్‌కు మిగిలేది అసాహీ లినక్స్ అనే దారి, అది ఓపిక ఉన్నవాళ్లకే. టీ480 మీద లినక్స్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి చేసిన పని ఇలాంటి పాత యంత్రాల మీదే సార్థకమవుతుంది.

నా తీర్పు ఇది. ముండ్లమూరు లాంటి చోట, అధీకృత సర్వీసు కోసం ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోగొట్టుకుని పెద్ద ఊరికి పోవాల్సిన చోట, చదువుకునే పిల్లకో పిల్లవాడికో టీ480యే తగినది. అది తెరలో ఓడింది, బ్యాటరీ గంటల్లో ఓడింది, దుమ్ముకు నోరు తెరిచి ఉంటుంది. అయినా పాడైన దాదాపు ప్రతి భాగాన్నీ విడిగా మార్చుకునే వీలిస్తుంది. పైగా దాన్ని విప్పిన పిల్లకు కంప్యూటర్ అంటే ఏమిటో చేతులతో తెలుస్తుంది. ఎయిర్‌ను నేను సిఫారసు చేసేది ఇద్దరికి. స్క్రూడ్రైవర్ పట్టే ఓపికా తీరికా లేని ఉపాధ్యాయులకు, బరువైన పని చల్లని వేళకు పెట్టుకుని రోజూ వీడియో మీద పని చేసి సంపాదించేవాళ్లకు. వాళ్లు ఛార్జర్ దగ్గరా, కాపీల దగ్గరా నిర్లక్ష్యం చేయకపోతే అది వాళ్లను మోసం చేయదు.

ఏది కొన్నా అంగట్లోనే కొన్ని విషయాలు తేల్చుకోండి. టీ480 అయితే బయోస్ తెరిపించి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లేదని కళ్లారా చూడండి, ఉంటే వదిలేయండి. పక్కనున్న టైప్ సీ రంధ్రాల్లో ఛార్జర్ పెట్టి రెండూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. ఆ మోడల్‌లో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ లోపం వల్ల అవి చెడిపోయే అవకాశం ఉంది, ఇంటికి రాగానే ఆ అప్‌డేట్ వేయండి. ఎయిర్ అయితే పాత యజమాని ఐక్లౌడ్ నుంచి దాన్ని తొలగించి మీ ముందే కొత్తగా మొదలుపెట్టించాలి. యాక్టివేషన్ లాక్ పడిన ఎయిర్‌ను పాత యజమాని పాస్‌వర్డ్ గానీ, కొన్న రశీదుతో ఆపిల్ సహాయం గానీ లేకుండా ఎవరూ తెరవలేరు.